యంత్రం మీద ఒక పాట

కంచరపాలెం అనగానే మనకి 2018 నాటి సినిమా, అందులోని 'ఆశా పాశం' గుర్తొస్తాయి. నా ప్లేలిస్టులో దాని పక్కనే ఇంకో విశాఖ పాట ఉంటుంది: వంగపండు ప్రసాదరావు 'యంత్రమెట్లా నడుస్తు ఉందంటే'. మిత్రులకి పంపితే ముందు నవ్వుతారు, మెషిన్ మీద పాటేంట్రా అని.

వంగపండు ఇదే ఊళ్లో హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరు. 1972లో జననాట్యమండలి మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. 'ఏం పిల్లడో' అందరికీ తెలుసు. ఈ పాట మాత్రం వెతుక్కుంటేనే దొరుకుతుంది. యంత్రం ఎలా నడుస్తుందన్న ప్రశ్నకి ఇందులో జవాబు చెప్పేది మేనేజరు కాదు, కార్మికుడు.

2020లో వంగపండు వెళ్లిపోయారు. రాత్రింబవళ్లు సర్వర్లు నడిపే మన తరం మీద అలాంటి పాట నాకింకా దొరకలేదు. అందాకా ఇది వినండి, ఇంకొకరికి పంపండి.