భట్టిప్రోలు ధాతుమంజూష: ఒక వస్తువును గూర్చి వ్యాసము వ్రాయుట

పరిశోధనకు చేరిన విద్యార్థులలో ఏటేట ఒకరిద్దరైనను ఏదో యొక ప్రాచీన వస్తువును వ్యాసవిషయముగా గైకొందురు. ఒకరు శిలాఫలకము, ఒకరు తామ్రశాసనము, ఒకరు నాణెము. ఆ వ్యాసముల తొలివాక్యము మాత్రము ఇంచుమించుగా అందరిదియు ఒక్కటే: గుంటూరు మండలము ప్రాచీన సంస్కృతికి పుట్టినిల్లని. పిమ్మట రాజవంశములు వచ్చును, మతముల చరిత్ర వచ్చును, పూర్వపండితుల ప్రశంసలు వచ్చును. వ్యాసవస్తువు నాలుగవ పుటలో ఒకమారు కనబడి మరల మాయమగును. ఆ పుటను చించివేసినను వ్యాసమునకు లోటు కలుగదు. అదియే దానిలోని దోషము.

ఈ మాట ఇతరులను ఎత్తిపొడుచుటకు అనుట లేదు. ఇరువది యేండ్లక్రిందట నేను భట్టిప్రోలు ధాతుమంజూషను గూర్చి మొదటి వ్యాసమును ఇట్లే వ్రాసితిని. అందు భట్టిప్రోలు లిపియే తెలుగు లిపికి తల్లి యని గట్టిగా నుడివితిని. దానిని చదివిన పెద్దలొకరు అంచున ఒక్క ప్రశ్న వ్రాసి త్రిప్పి పంపిరి: “ఏ అక్షరమునుండి ఏ అక్షరము?” నాయొద్ద సమాధానము లేదు. ఆ లిపిలోని ఒక్క అక్షరమునైనను నేను పరిశీలించి యుండలేదు. దానిని గూర్చి ఇతరులు వ్రాసినదానిని మాత్రమే చదివితిని. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొని అదే వస్తువును గూర్చి వ్యాసమును మరల ఎట్లు కూర్పవలెనో ఇచట చెప్పబూనుచున్నాను.

మొదట వస్తువు ఎచట, ఎట్లు లభించెనో చూడవలెను. భట్టిప్రోలు తెనాలినుండి రేపల్లెకు పోవు రైలు మార్గములోనిది. పత్తి, మిరప పండు మెట్టను దాటి కృష్ణా కాలువల క్రింది మాగాణిలో దిగిన పిమ్మట వచ్చును. చిరకాలము గుంటూరు జిల్లాలోనిదై 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. అచటి దిబ్బను ఊరివారు లంజదిబ్బ యనుచుండిరి. తెలుగుదేశమున అనేక బౌద్ధ స్థలములకు ఇదే పేరు పడినది. సభ్యతకై ఆ పేరును వదలివేయు వ్యాసకర్తలు కలరు. అది తగదు. ఒక స్తూపము స్తూపమని జ్ఞప్తియందు లేక, నిందతో కూడిన పేరుతో శతాబ్దములు నిలిచెననునది ఆ వస్తువు చరిత్రలో ఒక ముఖ్య ఘట్టము.

1870లో బాస్వెల్ దిబ్బ సంగతి ప్రభుత్వమునకు తెలియజేసెను. తరువాత కొంతకాలమునకే దాని ఇటుకలు బాట పనికిని, పాలరాళ్లు వెల్లటూరు కాలువ తూము పనికిని తరలిపోయినవి. 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వకములు జరుపునాటికి అడుగున సుమారు 148 అడుగుల వ్యాసము గల ఆ కట్టడములో మిగిలినది మధ్యభాగము. ఆ నడిమి గుంటలోనే మూడు రాతి మంజూషలు బయల్పడినవి. లోపల స్ఫటిక కరండము, అస్థిశకలము, బంగారు పూలు, ముత్యములు, పగడములు ఉండెను. కావున మనకు దొరకినది ఒక వస్తువు కాదు, ఒకదానిలో ఒకటి ఇమిడిన వస్తువుల వరుస. వ్యాసములో ఈ వరుసను తప్పక పాటింపవలెను: కట్టడము, అందు గుంట, అందు మంజూష, అందు కరండము, అందు ధాతువు. వర్ణన ఈ క్రమములో సాగినచో ప్రశ్న దానంతటదియే పుట్టును.

నాకు పుట్టిన ప్రశ్న యిది. అక్షరములు చెక్కినది మంజూషల అంచుల మీదను, మూతల రాతిమీదను. వానిని మూసి, గుంటలో దింపి, పైని వేలకొలది ఇటుకలు పేర్చిరి. తెరచి చదువవలెనని తలపోసినవారు ఇట్లు చేయరు. మరి ఎవరు చదువుటకు వ్రాసిరి?

విద్యార్థులు సాధారణముగా ఈ ప్రశ్నను దాటి లిపి పుట్టుకయను పెద్ద విషయమునకు పరుగిడుదురు. ఆ విషయము పెద్దదే. కాని అక్షరములను చూడక దానిని ముట్టరాదు. ఈ శాసనములను వియన్నాలో నుండి చదివిన గేయార్గ్ బ్యూలర్ 1892లోనే ఈ లిపి విశేషమును లోకమునకు ఎరిగించెను. 1894లో ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమున పాఠములను ప్రకటించెను. వియన్నా పండితుడు తన గదిలో కూర్చుండి చేసిన పని, దిబ్బకు అరగంట దూరములో నున్న మనలో పలువురు చేయలేకపోతిమి. స్థలమును చూచుట ఒకటి, వస్తువును చూచుట వేరొకటి యని దీనివలన తెలియును.

ఆ విశేష మేమనగా: అశోకుని బ్రాహ్మిలో గుర్తులేని హల్లునందే అకారము ఇమిడి యుండును. భట్టిప్రోలులో అట్లు కాదు. అకారము పలుకవలెనన్న హల్లుకు ఒక గీతను చేర్చుదురు. ఆ గీతయే అశోకుని లిపిలో దీర్ఘమైన ఆకారమునకు గుర్తు. ఇచట దీర్ఘమునకు వేరొక గుర్తు కలదు. అశోకలిపి మాత్రమే తెలిసినవాడు దీనిని చదివినచో ప్రతి కకారమును కాకారమగును, శాసనమంతయు దీర్ఘములతో నిండిపోవును. ఇదిగాక ఘకారము గకారమునకు కొస చేర్చి కల్పించినది. మకారము తలక్రిందుగా నున్నది. తమిళ బ్రాహ్మిలో కొంత కాలము ఇట్టి అకార చిహ్నమే కనబడుట ఐరావతం మహాదేవన్ చూపిరి. కావున ఈ లిపిని తెలుగు సరిహద్దులో బంధించి వ్రాయుట కుదరదు. కాలనిర్ణయములోను ఏకాభిప్రాయము లేదు. బ్యూలర్ క్రీ.పూ. 200 ప్రాంతమనెను. తరువాతివారిలో కొందరు దానిని ఇంకను ఈవలికి తెచ్చిరి.

ఇచటనే తెలుగు శాఖలవారికి ఒక పెద్ద ఆకర్షణ కలదు. మన క, గ, చ లకు తలకట్టు కలదు గదా! గుడి యిచ్చినపుడు అది పోవును గదా! భట్టిప్రోలు అకార చిహ్నమే మన తలకట్టు అయినదని ఒక విద్యార్థి ఎంతో ఉత్సాహముతో నాకు వివరించెను. వినుటకు ఇంపుగానే యున్నది. కాని మధ్యనున్న శతాబ్దముల శాసనములను వరుసగా పెట్టి చూడుడు. అమరావతిలోను, నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనములలోను, శాలంకాయనుల తామ్రపత్రములలోను హల్లులో అకారము మామూలుగా ఇమిడియే యున్నది. భట్టిప్రోలు పద్ధతి అచట కొనసాగలేదు. తలకట్టు చాల తరువాతి కాలమున అక్షరముల తలగీతనుండి పెరిగినది. పోలిక కనబడినంతనే వంశము కల్పింపరాదు. నాటి నా వ్యాసములో నేను చేసిన తప్పును ఆ విద్యార్థి నాకంటె తెలివిగా చేసెను, అంతే భేదము.

భాషయు తెలుగు కాదు, ప్రాకృతము. మంజూషను మజూస యనిరి, స్ఫటికపు పెట్టెను ఫాలిగ సముగ మనిరి. స్ఫటికమునుండి మన పటిక వచ్చిన సంగతి చెప్పవలెనని చేయి దురదపెట్టును. అది అధస్సూచికలో ఉండవలసినది. తొలి తెలుగు పదమును వెదకువారు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిన ‘నాగబు’ గల అమరావతి రాతియొద్దకు పోవలెను. ఆ వ్యాసము వేరు.

లిపిని ఇంతటితో విడిచి, నా ప్రశ్నకు మరలి వచ్చెదను. అక్షరములు చెప్పునది ఏమి? కురుడను వాడు, వాని తల్లిదండ్రులు, శివుడను వేరొకడు కలసి మంజూషను, స్ఫటికపు పెట్టెను బుద్ధుని శరీరధాతువులకై సమర్పించిరి. నిగమసభ్యుల పేర్లు పట్టికగా నున్నవి. గోష్ఠుల పేర్లున్నవి. కుబిరకుడను రాజు కలడు, కాని అతడు సింహగోష్ఠికి ప్రముఖుడుగా పేర్కొనబడెను. పాఠ్యగ్రంథములు దీనిని కుబిరకుని శాసనముగా వర్ణించుట వస్తువుపై చేసిన చిన్న అన్యాయము. రాజు పేరు దొరకినంతనే కన్ను అచటనే నిలుచుట మన అలవాటు. పట్టికను మొదటినుండి లెక్కించినవానికి తోచునది రాజ్యము కాదు, పూనికతో కూడిన ఒక ఊరిజనము.

గ్రెగరీ షోపెన్ అను పండితుడు భారతీయ బౌద్ధ శాసనములను పరిశీలించి, కంటికి కనబడని తావులలో చెక్కిన దాతల పేర్లు చదువరులకు ఉద్దేశించినవి కావనియు, ధాతువు చెంత పేరుండుట మనిషి అచట ఉండుటతో సమానముగా తలంపబడెననియు వాదించెను. ఈ వాదము భట్టిప్రోలుకు చక్కగా కుదురునని నా అభిప్రాయము. వ్యాసములో సిద్ధాంతము రావలసిన తావు ఇది: వర్ణనయు, పాఠమును, ప్రశ్నయు ముగిసిన తరువాత. మొదటి పుటలోనే షోపెన్‌ను ప్రతిష్ఠించి, ఆయన మాటలకు ఉదాహరణముగా మంజూషను తెచ్చినచో వస్తువు నోరు మూతపడును.

వస్తువు చరిత్ర 1892తో ముగియలేదు. మంజూషలు మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలకు చేరినవి. లోపలి ధాతువును 1920లో కలకత్తా కళాశాల చతురమునందలి ధర్మరాజిక విహారమునకై మహాబోధి సభవారికి రోనాల్డ్‌షే ప్రభువు అప్పగించెను. దాతలు తమ పేర్లను ఏ ధాతువు చెంత నుంచిరో ఆ ధాతువు ఒకచోట, ఆ పేర్లు వేరొకచోట! 1898లో పిప్రహ్వాలో దొరకిన ధాతువులకును ఇట్టి వియోగమే కలిగెను. వానితో లభించిన రత్నములు వేలమునకు సిద్ధమై, ఆక్షేపణలు చెలరేగగా 2025లో భారతదేశమునకు మరలినవి. భట్టిప్రోలు విషయమున అట్టి అలజడి ఏదియు రేగలేదు. ప్రదర్శనశాలలో ఒక వస్తువును చూచునపుడు దానితో ఉండవలసినవి ఏవి లేవో కూడ వ్రాసికొనవలెను. నా టిప్పణముల పుస్తకములో ఇందుకొక ప్రత్యేకపుట కలదు.

ఒక వ్యాసము ఇంకను వ్రాయవలసి యున్నది. ఈ మంజూషలతోపాటు ఆరు పలకల స్ఫటిక మొకటి లభించెను. దానిమీది శాసనములో నందపురపు మాతుగామము, అనగా స్త్రీజనము, దాతలలో మొదట నిలిచిరి. వెంట శ్రామణేరులు కలరు. మంజూషల మీది తొమ్మిది శాసనములును అకారగీత గల కొత్త లిపిలో నుండగా, ఈ పదియవది మాత్రము మామూలు బ్రాహ్మిలో నున్నది. ఒకే గుంటలో, ఒకే ధాతువు చెంత, రెండు వ్రాతపద్ధతులు. చెక్కినవాడు వేరగుటవలననా? దాతలు వేరొక ఊరివారగుటవలననా? గట్టి స్ఫటికముపై ఉలి తిరుగు తీరువలననా? ఈ మూడవ ఊహ నాది. స్ఫటికముపైని అక్షరములను ఒక్కొక్కదానిని కొలిచి, మంజూష అంచు మీది వానితో సరిచూచుటకు ఒకరు సిద్ధపడినచో నా టిప్పణములన్నియు వారికి ఇచ్చెదను.