అమ్మేవాడి డబ్బుకి దారి ఎవరు వేశారు? ఈబే, పేపాల్ గొడవల కథ

అమెజాన్‌లోనో ఫ్లిప్‌కార్ట్‌లోనో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారి మీకు తెలిస్తే ఒక్క మాట అడిగి చూడండి: "అన్నా, కొన్నవాళ్లు కట్టిన డబ్బు నేరుగా నీ ఖాతాలో పడుతుందా?" పడదు. ముందు కంపెనీ దగ్గరికి వెళ్తుంది, కమీషన్లు పోయాక కొన్ని రోజులకి ఆయనకి చేరుతుంది. "నా ఫోన్‌పేకి కొట్టెయ్యండి" అని ఆయన కస్టమర్‌కి చెప్పడానికి లేదు. మనకిది మామూలు విషయం అయిపోయింది. కానీ ఒకప్పుడు ఇలా లేదు. ఈ రూల్ కోసం పెద్ద పెద్ద కంపెనీలే కొట్టుకున్నాయి, ఒక దేశ ప్రభుత్వ సంస్థ అడ్డం పడింది. ఇవాళ ఆ కథే.

1995 సెప్టెంబర్‌కి వెళ్దాం. కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఆక్షన్‌వెబ్ అని ఒక వేలంపాట సైట్ పెట్టాడు. తర్వాత ఈబే అయింది అదే. అక్కడ మొదట అమ్ముడుపోయింది ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకి! డబ్బు ఎలా కట్టాలో సైట్ చెప్పేది కాదు. అది అమ్మేవాడూ కొనేవాడూ తేల్చుకోవాల్సిన విషయం. ఎక్కువమంది చెక్కో మనియార్డరో కవర్లో పెట్టి పోస్ట్ చేసేవాళ్లు. మన మనియార్డర్ లాంటిది అనుకోకండి, పోస్ట్‌మాన్ ఇంటికొచ్చి నోట్లు లెక్కపెట్టి ఇవ్వడు. ముందే డబ్బు కట్టి కొనుక్కునే చెక్కులాంటి కాగితం అది. చెక్కు వచ్చి, బ్యాంకులో వేసి, అది పాసయ్యేదాకా అమ్మేవాడు సరుకు పంపడు. పది డాలర్ల బొమ్మకి రెండు వారాల ఎదురుచూపు. ఒమిడ్యార్‌కి రావాల్సిన ఫీజులు కూడా ఇలాగే పోస్టులో వచ్చేవి, కొందరైతే నాణేలని కార్డు ముక్కలకి అంటించి మరీ పంపేవారు. ఆ కవర్లు తెరవడానికే ఒక మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇదిగో ఈ ఖాళీలోకి వచ్చింది పేపాల్. మాక్స్ లెవ్చిన్, పీటర్ థీల్ వాళ్ల కాన్ఫినిటీ కంపెనీ మొదట పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్ల మధ్య డబ్బు పంపే యాప్ చేసింది. అది పెద్దగా ఎవరికీ అక్కర్లేకపోయింది. కానీ ఈమెయిల్‌తో డబ్బు పంపే పద్ధతిని ఈబే అమ్మకందార్లు పట్టేసుకున్నారు. కంపెనీ వాళ్లు అడక్కముందే తమ లిస్టింగుల్లో పేపాల్ బొమ్మ పెట్టేసుకున్నారు. 2000లో కాన్ఫినిటీ, ఎలాన్ మస్క్ కంపెనీ ఎక్స్.కామ్ కలిసిపోయాయి. అప్పటికే ఈబే బిల్‌పాయింట్ అని సొంత పేమెంట్ కంపెనీని కొనిపెట్టుకుంది. సైట్ వాళ్లది, పాలసీ వాళ్లది, అయినా జనం పేపాల్‌నే వాడారు. చివరికి 2002లో ఈబే 150 కోట్ల డాలర్లకి పేపాల్‌ని కొనేసి, బిల్‌పాయింట్‌ని మూసేసింది.

అంటే అమ్మేవాళ్లు తమంతట తాము ఎంచుకున్న దారి, ఇప్పుడు సైట్ ఓనర్ చేతికి వచ్చింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. లిస్టింగ్ పెట్టినందుకు ఒక ఫీజు, అమ్ముడుపోతే ఒక ఫీజు, డబ్బు తీసుకుంటే పేపాల్ ఫీజు. మూడూ ఒకే గల్లాపెట్టెలోకి.

2006లో గూగుల్ చెకౌట్ అని కొత్త పేమెంట్ సర్వీస్ వచ్చింది. వారం పది రోజుల్లోనే ఈబే దాన్ని వాడకూడని వాటి లిస్టులో వేసింది. కొత్తది, ఇంకా నమ్మకం కుదరలేదు అని కారణం చెప్పింది. మరుసటి ఏడాది బోస్టన్‌లో ఈబే అమ్మకందార్ల సభ జరుగుతుంటే, అదే ఊళ్లో గూగుల్ వాళ్లకి పోటీగా పార్టీ ఇస్తానంది. పెళ్లివారి ఇంటి ముందే వేరే విందు అన్నమాట! ఈబేకి ఒళ్లు మండి, అమెరికాలో గూగుల్‌కి ఇచ్చే యాడ్స్ ఆపేసింది. గూగుల్ పార్టీ రద్దు చేసుకుంది.

ఇక ఆస్ట్రేలియా. నాకైతే మొత్తం కథలో ఇదే ముఖ్యం. 2008 ఏప్రిల్‌లో ఈబే ఆస్ట్రేలియా ఒక ప్రకటన చేసింది: జూన్ నుంచి పేపాల్ ఒక్కటే, లేదంటే సరుకు చేతికి తీసుకునేటప్పుడు నగదు. అక్కడి జనానికి ఖాతా నుంచి ఖాతాకి బ్యాంకు ద్వారా వేయడం అలవాటు, అమ్మేవాడికి దాని ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. అది బంద్ అన్నారు. మోసాలు తగ్గించడానికే అన్నది ఈబే వాదన. అందులో నిజం లేకపోలేదు, బ్యాంకులో వేసిన డబ్బు మోసపోతే వెనక్కి రప్పించడం కష్టం. కానీ రక్షణ కావాలనుకున్నవాళ్లు పేపాల్ వాడుకోవచ్చు, మిగతావాళ్లకి తలుపు ఎందుకు మూయాలి?

అక్కడి పోటీ, వినియోగదారుల కమిషన్‌కి వందల కొద్దీ అభ్యంతరాలు వెళ్లాయి. వాటిలో పేరులేని ఒక పెద్ద నివేదిక ఉంది. ఎవరు రాశారా అని జనం ఆ పీడీఎఫ్‌ని తవ్వితే, లోపల దాగిన అక్షరాల్లో గూగుల్ పేరు దొరికింది! జూన్‌లో కమిషన్, ఇది పోటీని దెబ్బతీస్తుంది, ఒప్పుకోబోము అని ముసాయిదా నోటీసు ఇచ్చింది. జూలైలో ఈబే వెనక్కి తగ్గింది.

అమెరికాలో మాత్రం ఆపేవాళ్లు లేరు. అదే ఏడాది అక్టోబర్‌లో చాలా వస్తువులకి చెక్కులు, మనియార్డర్లు నిషేధించారు. ఏ కవర్ల మీద ఆ సైట్ నిలబడిందో అవే పోయాయి.

మన దగ్గర ఏమైంది? 2004లో ఈబే మన బాజీ.కామ్‌ని కొని ఇక్కడికి వచ్చింది. పైసాపే అనే పద్ధతి నడిపింది. కొన్నవాళ్ల డబ్బు ఈబే తన దగ్గర పట్టుకుని తర్వాత అమ్మేవాళ్లకి ఇచ్చేది. ముక్కూ మొహం తెలియని మనిషికి ముందు డబ్బు కట్టడానికి భయపడే రోజుల్లో అది బాగా పనికొచ్చింది. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చాక ఆ భయానికి ఇంకో మందు దొరికింది. ఈబే.ఇన్ 2018 ఆగస్టులో మూతపడింది.

విదేశాలకి అమ్మేవాళ్ల మీద వేరే కట్టుబాటు పడింది, అది వేసింది రిజర్వ్ బ్యాంకు. 2011 మార్చి నుంచి పేపాల్ లాంటి వాటి ద్వారా ఎగుమతి డబ్బు ఒక్కో లావాదేవీకి 500 డాలర్లు మించకూడదు, వచ్చింది ఏడు రోజుల్లో ఇక్కడి బ్యాంకు ఖాతాకి మార్చుకోవాలి. ఆలోచించండి, హైదరాబాద్ నుంచి ఒక మంచి ముత్యాల సెట్టు 600 డాలర్లకి అమ్మాలంటే ఆ దారి మూసుకున్నట్టే. కొన్నాళ్లకి పరిమితి పెంచారు, ముందు 3,000కి, తర్వాత 10,000కి.

చివరగా ఒక తమాషా. 2015లో ఈబే, పేపాల్ విడిపోయాయి. 2018లో ఈబే, ఇక పేమెంట్లు మేమే చూసుకుంటాం, వెనక అడియెన్ అనే నెదర్లాండ్స్ కంపెనీ పనిచేస్తుంది అని ప్రకటించింది. 2021 నాటికి దాదాపు అందరినీ ఆ పద్ధతిలోకి మార్చారు. కొనేవాళ్లు పేపాల్‌తో కట్టొచ్చు, అమ్మేవాళ్లకి మాత్రం డబ్బు బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. 2008లో "పేపాల్ తప్ప ఇంకోటి వద్దు" అన్న సైటే, అమ్మేవాడి పేపాల్ ఖాతాలో డబ్బు వేయడం మానేసింది. అప్పుడూ ఇప్పుడూ ఆ నిర్ణయం అమ్మేవాడిది కాదు.

ఇదే సమస్యని చైనాలో అలీపే ఎలా తీర్చిందో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.