మన పాదుషాలేనా?

బీదరు ప్రయాణమంటే మాకు చరిత్ర పాఠమూ, జియారతూ ఒకే రోజు. తెల్లవారుజామున హైదరాబాదులో బస్సెక్కి, జహీరాబాదు మీదుగా పొద్దెక్కేసరికి చేరాం. మాలో దూదేకులవారున్నారు, పాతబస్తీవారున్నారు, నమాజు మరిచిపోయినవారూ ఉన్నారు. కోట గోడలు కనిపించగానే ఒక కుర్రాడు, "ఇవన్నీ మన పాదుషాలు కట్టించినవే కదా చాచా!" అన్నాడు. ఆ 'మన' అనే మాటే రోజంతా మా వెంట తిరిగింది.

మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా ముందు నిలబడ్డాం. ముందువైపు ఒక పక్క కూలిపోయింది. ఒక్క మినారే మిగిలింది, దాని ఒంటిమీద అక్కడక్కడా నీలిరంగు పెంకులు. ఇరాన్ నుంచి వచ్చి బహమనీ రాజ్యానికి వజీరైన గవాన్, శత్రురాజుకు ఉత్తరం రాశాడన్నారు. ఆ ఉత్తరం దొంగది. అయినా 1481లో తల తీయించారు. కుట్ర పన్నిన దక్కనీ సర్దార్లూ ముస్లింలే, హుకుం ఇచ్చిన సుల్తానూ ముస్లిమే. బయటివాడివి, నీ విధేయత రుజువు చేసుకో అనే మాట ఇవాళ మేము వింటున్నాం. ఒకనాడు మావాళ్లే మావాళ్లను అలా అడిగారని అక్కడ గుర్తుకొచ్చింది.

మధ్యాహ్నం అష్టూరు వెళ్లాం. అహ్మద్‌షా వలీ గుంబద్ లోపల గోడల నిండా రంగుల అల్లికలు, బంగారు అక్షరాలు. ఫాతెహా చదివాం. ఓరుగల్లు మీదికి దండెత్తి గెలిచిన సుల్తాను ఈయనే. తెలుగువాళ్లం, అదెట్లా మరిచిపోతాం? కానీ ఇక్కడి హిందువులు ఈయన్నే అల్లమప్రభువుగా కొలుస్తారు. ఉర్సు హోళీ తర్వాత హిందూ పంచాంగం లెక్కన జరుగుతుంది. ఆ ఉర్సుకు లింగాయతు జంగమయ్య ఊరేగింపుగా రావాలి. కత్తి పట్టిన రాజును జనం తమ మొక్కులతో వలీని చేసుకున్నారు.

ఇదే బీదరు జిల్లాలో 1948 పోలీసు చర్య తర్వాత ఏం జరిగింది? రజాకార్ల దౌర్జన్యాలకు బదులు తీర్చుకోవడమంటూ, ఏ పాపమూ ఎరగని ముస్లింలను ఊచకోత కోశారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం సంస్థానం మొత్తంమీద 27 వేల నుంచి 40 వేల మంది పోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. నిజాం మాత్రం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు. తఖ్తు మీద కూర్చున్నవాడికి పదవి దక్కింది, తఖ్తు ముఖం చూడనివాళ్లకు గోరీ కూడా దక్కలేదు.

తిరుగు ప్రయాణంలో కుర్రాడికి జవాబు చెప్పాం. "పాదుషాలను వాళ్ల గోరీల్లో ఉండనీ బేటా. వాళ్ల గొప్పలు మనం మోయొద్దు, వాళ్ల తప్పులూ మనమీద వేయించుకోవద్దు. ఉర్సులో జంగమయ్య వెనక నడిచే జనముంది చూడు, మన ఖాందాన్ అది."

కుర్రాడు కాసేపు ఆలోచించి, "మరి ఆ సంగతి మా స్కూలు పుస్తకంలో లేదేం?" అని అడిగాడు.

మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.