మార్జాల కిశోర న్యాయం - తల్లి లేని కూన సంగతి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన ఊళ్లలో అంటారు. ఏడు అనే లెక్క సంగతి అలా ఉంచితే, ఈ మాటలో మంచి పరిశీలన ఉంది. జనం అలికిడి ఎక్కువైనా, చోటు క్షేమంగా లేదనిపించినా తల్లిపిల్లి కూనల్ని ఒక్కొక్కటిగా మెడ దగ్గర నోట కరచుకుని మరోచోటికి చేరుస్తుంది. కూన కాళ్లు ముడుచుకుని కదలకుండా వేలాడుతుంది.

ఈ దృశ్యాన్ని పట్టుకుని మన దేశంలో ఒక వేదాంత వివాదమే నడిచింది. రామానుజుల తర్వాతి కాలంలో శ్రీవైష్ణవులు రెండు శాఖలయ్యారు. వేదాంత దేశికుల్ని అనుసరించే వడగలై వారిది మర్కట కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకున్నట్టే భక్తుడి వైపు నుంచీ ప్రయత్నం ఉండాలంటారు. పిళ్లై లోకాచార్యుల్ని అనుసరించే తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం. పిల్లికూన చేసేదేమీ లేదు, తల్లే మోసుకుపోతుంది, దేవుడూ అంతే అంటారు. కంచి వరదరాజస్వామి గుడిలో ప్రబంధం ఎవరు చదవాలన్న తగువుతో ఈ రెండు శాఖలవారూ బ్రిటిషు పాలనలోనే కోర్టుకెక్కారు.

ఇంత చర్చలో ఒక చిన్న ప్రశ్న మిగిలిపోయింది. తల్లి లారీ కింద పడి చచ్చిపోతే కూన గతేమిటి? రెండు న్యాయాలూ తల్లి ఉందనుకునే మొదలుపెడతాయి. కాలువ గట్టున కళ్లు తెరవని కూన అరుస్తుంటే ఏ అదృశ్య హస్తమూ రాదు. వస్తే దారిన పోయే మనిషి చెయ్యే రావాలి.

ఆ చెయ్యి కూడా తెలివిగా రావాలి. దయ ఒక్కటే చాలదని పిల్లుల పోషణ చరిత్రే చెబుతుంది. పాలలోని కేసీన్ ప్రధానంగా ఉన్న ఆహారం తిన్న పిల్లులకు కంటిపొర క్షీణిస్తోందనీ, టారిన్ అనే పదార్థం లోపమే కారణమనీ 1975లో హేస్, ఆయన సహచరులు చూపారు. 1987లో పాల్ పియాన్ బృందం అదే లోపం గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుందని తేల్చింది. అప్పటికి మార్కెట్లో ఉన్న తయారీ ఆహారం తిన్న పిల్లులకే ఆ జబ్బు వచ్చింది! ఆ తర్వాత తయారీదారులు టారిన్ పెంచారు. ప్రార్థనతో కాదు, రక్తపరీక్షలతో దొరికిన జవాబు ఇది.

పుణ్యమని కూన నోట్లో ఆవుపాలు పోసేవారు దీన్ని గమనించాలి. పిల్లిపాలలో ప్రొటీన్ ఆవుపాలలో కన్నా రెట్టింపు పైనే ఉంటుంది. ఆవుపాలతో విరేచనాలు పట్టుకుంటే వంద గ్రాముల ప్రాణి ఎంతసేపు నిలుస్తుంది?

మరి ఏం చేయాలి? కూనలు వెచ్చగా, నిండు కడుపుతో పడుకుని ఉంటే ముట్టుకోకుండా దూరం నుంచి కొన్ని గంటలు చూడండి. తల్లి ఇల్లు మారుస్తూ ఉండవచ్చు. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందన్న భయం కూడా చాలావరకు అపోహే. తల్లి రాదని తేలితే మొదటి పని పాలు కాదు, వెచ్చదనం. పుట్టిన కొత్తలో కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. చల్లబడిన కూనకు పాలు అరగవు. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. తర్వాత పశువైద్యుణ్ణి అడిగి పిల్లికూనల కోసం తయారుచేసిన పాలపొడి తెచ్చి, మొదటి వారంలో రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా తుడవాలి. తల్లి నాకుడు లేనిదే మూడు వారాల వరకు కూన తనంతట తాను మలమూత్రాలు విసర్జించలేదు. రోజూ తూకం వేసి రాసుకోండి. బరువు పెరగకపోతే వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

ఇంత చేసినా కొన్ని కూనలు బతకవు. అది ఎవరి కర్మా కాదు, శకునమూ కాదు.

మన హేతువాదులం తరచు చెప్పుకునే శాస్త్రీయ దృక్పథం రాజ్యాంగంలో 51-ఎ (హెచ్) కింద ఉంది. 1976లో 42వ సవరణతో వచ్చిన ఆ జాబితాలో దానికి సరిగ్గా ముందున్న (జి) ప్రాణికోటి పట్ల కరుణ చూపమంటుంది. పిల్లి ఎదురైతే ఆగిపోయే మూఢత్వాన్ని ఎగతాళి చేయడం తేలికే. మూడు వారాలు అర్ధరాత్రి లేచి పాలు పట్టడం కష్టం. ఆ రెండు నిబంధనలూ కలిసేది అక్కడే.