పదిహేను టీఎంసీల కాలువ

తెలుగు గంగ మద్రాసు దాహం నుంచి పుట్టింది. కృష్ణా నీటిలో తలా 5 టీఎంసీలు ఆ నగరానికి ఇవ్వడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ 1976లో ఒప్పుకున్నాయి. మరుసటి ఏడాది అనుకున్నదాని ప్రకారం శ్రీశైలం జలాశయం నుంచి జూలై-అక్టోబర్ నెలల్లో 1,500 క్యూసెక్కులు పారే లైనింగ్ కాలువ ఉంటే చాలు. ఆ ధారకు 15 టీఎంసీలు పారడానికి సుమారు నాలుగు నెలలు పడుతుంది, లెక్క సరిపోయింది.

లెక్కకు రానిది కాలువ వెళ్లే దారి. అది కర్నూలు, కడప జిల్లాల కరవు నేలల మీదుగా పోవాలి. పొలం గట్టు పక్కనుంచే నీళ్లు పొరుగు రాష్ట్రానికి పోతుంటే రైతు చేతులు కట్టుకుని కూర్చోడు. 1983 ఏప్రిల్‌లో ఎన్.టి.రామారావు, ఎం.జి.రామచంద్రన్ ప్రభుత్వాల ఒప్పందంతో ఈ కాలువకు సాగునీరూ తోడైంది. కృష్ణా మిగులు జలాలు 29, పెన్నా వరద నీరు 30 టీఎంసీలతో 5.75 లక్షల ఎకరాలు తడపాలన్నారు. వెలుగోడు, బ్రహ్మంగారిమఠం, కండలేరు జలాశయాలు కట్టారు. ఒక్క కండలేరులోనే 68 టీఎంసీలు పడతాయి, మద్రాసు వాటాకు నాలుగు రెట్ల పైమాటే. తమిళనాడుకు మాత్రం ఇది ఇప్పటికీ కృష్ణా నీటి సరఫరా పథకమే.

ఎవరి దాహం కోసం మొదలైందో ఆ నగరం దగ్గరి పూండి జలాశయానికి కృష్ణా నీళ్లు చేరేసరికి 1996 వచ్చింది. అప్పటికీ కండలేరు-పూండి కాలువలో చాలా నీరు దారిలోనే ఇంకిపోయేది. తర్వాత సత్యసాయి సెంట్రల్ ట్రస్టు దాన్ని బాగుచేయించి లైనింగ్ వేయించింది.

పథకం పెరిగిన తీరు శ్రీశైలం జలాశయం నుంచి ఈ నీళ్లు తీసుకునే పోతిరెడ్డిపాడు తూముల దగ్గర కళ్లకు కడుతుంది. అక్కడ వదిలిన నీళ్లు దాదాపు 16 కిలోమీటర్లు పారి బనకచర్ల రెగ్యులేటర్ దగ్గర పాయలవుతాయి: ఒకటి తెలుగు గంగకు, ఒకటి శ్రీశైలం కుడిగట్టు కాలువకు, ఇంకొకటి కుందూ నది వైపు. ఇన్నిటికి 11 వేల పైచిలుకు క్యూసెక్కులు, అంటే రోజుకు ఒక టీఎంసీ, చాలలేదు. 2005 తర్వాత సామర్థ్యాన్ని 44,000కు పెంచారు. ఆ లెక్కన మద్రాసు వాటా మొత్తం నాలుగు రోజుల నీళ్లు. 2020లో దాన్ని 80,000కు పెంచాలని ఆంధ్రప్రదేశ్ ఉత్తర్వు ఇచ్చింది. వరద రోజులు తగ్గిపోయాయి, ఉన్న కొద్ది రోజుల్లోనే నీళ్లు తీసుకోవాలన్నది ఆ రాష్ట్రం వాదన. పరీవాహక ప్రాంతం దాటించి నీళ్లు తరలించడమేనని తెలంగాణ అభ్యంతరం.