దులిపే యంత్రం, పీల్చే యంత్రం

పరిచిన తివాచీని ఎత్తి బయటికి తీసుకెళ్లగలిగినంత కాలం దాన్ని శుభ్రం చేయడానికి యంత్రం కావాలని ఎవరికీ పెద్దగా అనిపించలేదు. జర్మనీలో పాతకాలపు అపార్టుమెంట్ల పెరళ్లలో తివాచీలు వేలాడేసి కొట్టడానికే ఇనుప దండేలు పాతి ఉండేవి. మన దగ్గర జంపఖానాను ఇద్దరు చెరో కొసా పట్టుకుని విదిలించి ఎండలో వేస్తే సరిపోయేది. తివాచీ గోడ నుంచి గోడ దాకా పరుచుకుని, మేకులతో నేలకు బిగిసిపోయిన చోటే చిక్కు వచ్చిపడింది. దాన్ని బయటికి తెచ్చి కొట్టడం ఏడాదికోసారి జరిగితే గొప్ప. కాబట్టి ఆ కొట్టే పనే ఇంట్లోకి రావాల్సి వచ్చింది. నిలువు కర్రతో తోసే అప్‌రైట్ వ్యాక్యూమ్ క్లీనర్ ఆ అవసరంలోంచి పుట్టింది. పొడవాటి గొట్టంతో పీల్చే కానిస్టర్ పుట్టుక వేరు. అందుకే ఈ రెండింటిలో ఏది మేలని అడిగే ముందు మన ఇంటి నేల ఎలాంటిదో చూసుకోవాలి.

పీల్చే యంత్రం కంటే ముందు ఊడ్చే యంత్రం వచ్చింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ రాపిడ్స్‌లో పింగాణీ సామాను దుకాణం నడిపే మెల్విల్ బిస్సెల్‌కు, సరుకుతో పాటు వచ్చే రంపపు పొట్టు తివాచీలో ఇరుక్కుని ఊడ్చినా వచ్చేది కాదు. 1876లో ఆయన చక్రాలతో తిరిగే బ్రష్ ఉన్న తోపుడు స్వీపర్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1889లో ఆయన చనిపోయాక భార్య అనా ఆ సంస్థ పగ్గాలు పట్టి దాన్ని పెద్ద వ్యాపారం చేసింది. తిరిగే బ్రష్ అనే ఆలోచన అక్కడి నుంచే బలపడింది.

ఇంజన్ బలంతో పీల్చడం లండన్‌లో మొదలైంది. ఒక ప్రదర్శనలో గాలిని ఊది దుమ్ము లేపే యంత్రాన్ని చూసిన ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్‌కు, ఊదడం ఎందుకు, లాగేస్తే పోదా అనిపించింది. ఒక హోటల్లో కుర్చీ మెత్త మీద చేతిరుమాలు వేసి నోటితో పీల్చి చూశాడు. రుమాలు కింది వైపు నల్లగా మారింది, ఆయనకు ఊపిరాడలేదు. 1901లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన యంత్రాన్ని గుర్రపు బండి మీద తెచ్చి వీధిలో నిలిపేవారు. పొడవాటి గొట్టాలు మాత్రమే కిటికీల్లోంచి ఇంట్లోకి వెళ్లేవి. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ తివాచీలను శుభ్రం చేసింది అదే. మోటారు ఒక చోట, పని చేసే మూతి ఇంకో చోట, మధ్యలో గొట్టం: ఆకారం ఎంత మారినా కానిస్టర్ అల్లిక ఈనాటికీ ఇదే.

రెండో దారి వేసినవాడు ఇంజనీరు కాదు, ఊడ్చే పని చేసే మనిషి. ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో ఒక పెద్ద దుకాణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ పారిశుధ్య పని చేసేవాడు. ఉబ్బసం ఉన్న మనిషికి రోజూ ఆ దుమ్ములో పని. ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తనకోసం ఒక యంత్రం కట్టుకున్నాడు. ముందు తిరిగే బ్రష్, దాని వెనక ఫ్యాను, ఆ వెనక సంచి. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని తయారుచేసి అమ్మే స్తోమత మాత్రం ఆయనకు లేదు. హక్కులు కొన్న తోలు సామాను వ్యాపారి విలియం హెన్రీ హూవర్ పేరే లోకానికి మిగిలింది. ఆ యంత్రాన్ని తన ఊపిరి కోసం చేసుకున్న స్పాంగ్లర్ పేరు ఇంకొంచెం ఎక్కువ మందికి తెలిసి ఉండాల్సిందని నా గట్టి నమ్మకం.

హూవర్ పత్రికల్లో ప్రకటన వేసి, పది రోజులు ఉచితంగా వాడి చూడమని యంత్రాలను ఊరి దుకాణదారుల ద్వారా ఇళ్లకు పంపాడు. 1926లో ఆ సంస్థ బ్రష్‌తో పాటు తివాచీని తట్టే లోహపు కడ్డీలను కూడా చేర్చింది. పెరట్లో కర్ర చేసిన పని ఇప్పుడు యంత్రం కడుపులో జరుగుతోంది.

అదే కాలంలో స్వీడన్ ఇంకో వైపు నడిచింది. ఆక్సెల్ వెన్నర్-గ్రెన్ నడిపిన ఎలక్ట్రోలక్స్ 1921లో ‘మోడల్ 5’ తెచ్చింది. అది జారుడు పట్టాల మీద అడ్డంగా పడుకున్న గొట్టపు యంత్రం. చెక్క నేలలు, మధ్యలో చిన్న తివాచీలు ఉండే యూరప్ ఇళ్లకు అది చక్కగా కుదిరింది. మంచం కిందికి, అలమర పైకి, తెరల మడతల్లోకి దాని మూతి దూరేది.

పనితీరులో ఉన్న తేడాకు కారణం గాలి నడిచే దారి. పాత అప్‌రైట్‌లో మూతికీ ఫ్యానుకూ దూరం చాలా తక్కువ. గాలి విస్తారంగా పారుతుంది, బ్రష్ లేపిన దుమ్ము వెంటనే లోపలికి పోతుంది. అయితే ఆ దుమ్మంతా ఫ్యాను రెక్కలకు తగిలాకే సంచిలో పడేది. నాణెమో మేకో దూరితే రెక్క విరిగేది. కానిస్టర్‌లో దుమ్ము ముందు సంచిలో ఆగిపోతుంది, ఫ్యానుకు చేరేది వడకట్టిన గాలి. పొడవాటి గొట్టం వల్ల గాలి ప్రవాహం కొంత తగ్గినా పీల్చే బలం గట్టిగా ఉంటుంది. తర్వాతి దశాబ్దాల్లో రెండూ ఒకదాని గుణం మరొకటి తీసుకున్నాయి. కానిస్టర్ మూతికి మోటారు బ్రష్ వచ్చింది, అప్‌రైట్‌కు విడదీసే గొట్టం వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జార్జియా రాష్ట్రం డాల్టన్‌లో దుప్పట్లకు కుచ్చులు కుట్టే యంత్రాలు వెడల్పు పెరిగి చవక కార్పెట్లు తయారుచేయడం మొదలుపెట్టాయి. మధ్యతరగతి అమెరికా ఇళ్లు గోడ నుంచి గోడ దాకా కార్పెట్‌తో నిండి, అప్‌రైట్ వాటిలో పాతుకుపోయింది. బ్రిటన్‌లోనూ అంతే. అక్కడి డైసన్ సంస్థ 1993లో సంచి లేని సుడిగాలి యంత్రాన్ని స్వదేశంలో అమ్మకానికి పెట్టినప్పుడు ముందు అప్‌రైట్‌గానే తెచ్చింది, గొట్టపు రకం 1995లో వచ్చింది.

ఇంత యంత్రం వచ్చినా ఇల్లాలి పని గంటలు తగ్గలేదని చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వెలువరించిన పుస్తకంలో చూపించారు. ఏడాదికోసారి మగవాళ్లూ పనివాళ్లూ కలిసి చేసే తివాచీల దులుపుడు, యంత్రం వచ్చాక వారం వారం ఆమె ఒక్కతే చేసే పనిగా మారింది. ఏ యంత్రం తేలిక, ఏది మెట్లెక్కించగలం అనే ప్రశ్నలు అందుకే చిన్నవి కావు.

మన దేశంలో ఈ యంత్రాన్ని ఇంటింటికీ పరిచయం చేసింది యురేకా ఫోర్బ్స్. 1982లో ఎలక్ట్రోలక్స్ భాగస్వామ్యంతో మొదలైన సంస్థ కాబట్టి, సేల్స్‌మన్ మోసుకొచ్చింది స్వీడన్ వారసత్వమైన కానిస్టరే. అది మనకు మంచే చేసింది. తాండూరు బండలు, మొజాయిక్, పాలరాయి, ఇప్పుడు టైల్స్ పరిచిన ఇళ్లలో దులిపే కడ్డీకి పనేముంది? నేలకు చీపురూ తడిగుడ్డా ఉండనే ఉన్నాయి. యంత్రం పనికొచ్చేది బూజుకు, సోఫా సందులకు, పరుపుకు, కిటికీ మెష్‌కు, మంచం కింది మూలకు. అవన్నీ గొట్టం చేసే పనులు. వరంగల్ జంపఖానా లాంటి పలుచని నేత మీద గట్టి బ్రష్ తిప్పితే అంచు లోపలికి లాక్కుంటుంది. దానికి బ్రష్ లేని మూతి, తక్కువ పీల్పు చాలు.

డాలస్‌లో కార్పెట్ పరిచిన అద్దె అపార్టుమెంటులో కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి మాత్రం అప్‌రైటే సరైనది. వాళ్లే రేపు చెక్క నేల ఉన్న సొంతింటికి మారినా పాతదాన్ని పారేయక్కరలేదు, దానికి బ్రష్‌ను ఆపే మీట ఉంటే చాలు. అది లేకపోతే తిరిగే బ్రష్ బియ్యపు గింజల్ని పీల్చడానికి ముందే గదంతా చిమ్ముతుంది.