చదరంగపు గళ్ళు, ఒక ఘాత సమీకరణం, మూడు భాషలు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11 నుంచి మూడు వేర్వేరు జిల్లాల కేంద్రాలు. అంతకు ముందు మూడూ వరంగల్లు జిల్లాలోనివే. ఈ ఊళ్ళలో ఇంటర్మీడియట్ గణితం చదివే పిల్లలు ‘వర్గ సమాసాలు’ అన్న పాఠంలో ఒక రకం లెక్క చేస్తారు. అందులో తెలియని రాశి ఘాతాంకంలో దాగి ఉంటుంది. సమీకరణాన్ని వర్గ సమీకరణంగా మార్చి దాన్ని బయటికి లాగాలి. పరీక్ష కాగానే మరచిపోయే ఈ చిన్న లెక్క వెనుక మన భాషకు సంబంధించిన పెద్ద చరిత్ర ఉన్నదని నా నమ్మకం.

తెలుగులో ఘాతాల ప్రస్తావన రాగానే తలచుకోవలసినవాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. రాజరాజనరేంద్రుని వల్ల పిఠాపురం దగ్గరి నవఖండవాడ అగ్రహారాన్ని పొందినది ఈయనేనా, ఈయన తాతగారా అన్న విషయంలో సాహిత్య చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. మూలకర్త జైనుడు, అనువాదకుడు శైవుడు. అందుకే మూలంలోని జైన ప్రసక్తులు తెలుగులో శైవ ప్రసక్తులయ్యాయి. జనగామకు చేరువలోని కొలనుపాక జైన తీర్థాన్నీ, జనగామ జిల్లాలోనే ఉన్న పాల్కురికి సోమనాథుని పాలకుర్తినీ చూసినవారికి ఈ మార్పు కొత్తగా తోచదు.

చదరంగపు మొదటి గడిలో 1 గింజ, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్ళకు ఎన్ని గింజలు? మల్లన ఈ సంఖ్యను ఒకే పద్యంలో ఇమిడ్చాడు. శరమంటే 5, శశి అంటే 1, గగనమంటే 0, ఇలా ఒక్కొక్క మాట ఒక్కొక్క అంకె. కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే 18446744073709551615 వస్తుంది. ఇది 2^64 − 1. (^ గుర్తును ‘ఘాతం’ అని చదువుకోవాలి.) ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పలేదు.

ఇదే చదరంగం మీద మన పిల్లల లెక్కను అల్లి చూద్దాం. మొదటి ‘క’ గళ్ళలోని గింజలకు 33 రెట్లు, మొదటి ‘2క’ గళ్ళలో ఉన్నాయి. క ఎంత?

‘క’ గళ్ళ మొత్తం 2^క − 1. ‘2క’ గళ్ళ మొత్తం 4^క − 1. కాబట్టి 4^క − 1 = 33 × (2^క − 1). ఇప్పుడు 2^క బదులు ‘య’ అని రాసుకుంటే, 4^క అన్నది య వర్గం అవుతుంది. సవరిస్తే: య వర్గం − 33య + 32 = 0.

దీన్ని సాధించే పద్ధతి శ్రీధరాచార్యునిది. ఆ పద్ధతి శ్రీధరునిదేనని భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలో తన బీజగణితంలో పేర్కొన్నాడు. వర్గపదం గుణకానికి 4 రెట్లతో రెండు వైపులా గుణించి, య గుణకపు వర్గాన్ని కలపాలి. ఇక్కడ 4తో గుణించి 33 వర్గమైన 1089ని కలిపితే (2య − 33) వర్గం = 961. 961 అంటే 31 వర్గం. అందువల్ల య = 32 లేదా 1.

పని ఇంకా పూర్తి కాలేదు. మనకు కావలసింది య కాదు, క. 32ను ఎన్నిసార్లు సగం చేస్తే 1 మిగులుతుంది? 16, 8, 4, 2, 1: అయిదుసార్లు. జైన పండితుడు వీరసేనుడు 9వ శతాబ్దపు తొలినాళ్ళలో ధవళ వ్యాఖ్యలో ఈ లెక్కింపును ‘అర్ధచ్ఛేదం’ అన్నాడు. నేటి మాటలో ఇది 2 ఆధారంగా గల సంవర్గమానమే. ఐరోపాలో నేపియర్ సంవర్గమాన పట్టికలు అచ్చయినది 1614లో. సరిచూసుకుంటే, 5 గళ్ళలో 31, 10 గళ్ళలో 1023; 31 × 33 = 1023. య = 1 అయితే క = 0, అంటే గడీ లేదు, గింజా లేదు. సమీకరణానికి అది సమ్మతమే గాని ప్రశ్నకు జవాబు కాదు.

ఒక్కొక్కసారి య ఋణసంఖ్య అవుతుంది. 4^క = 7 × 2^క + 8 అన్నప్పుడు య = 8 లేదా −1. రెండును ఏ వాస్తవ ఘాతానికి హెచ్చించినా −1 రాదు గనుక దాన్ని విడిచిపెట్టి క = 3 అంటాం. ఋణసంఖ్య వర్గం కాదు గనుక దానికి వర్గమూలం లేదని మహావీరుడు హెచ్చరించింది వేరొక సందర్భంలో. కాని వచ్చిన ప్రతి విలువనూ నిలిపి ప్రశ్నించే ఆ జాగ్రత్త ఇక్కడా అవసరమే.

ఇక భాష సంగతి. 1917లో నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పింది; మరుసటి ఏడు ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైంది. బోధన ఉర్దూలో. ఆ చదువుకు వెళ్ళిన జనగామ, మానుకోట పిల్లలకు సమీకరణం ‘మసావాత్’, వర్గమూలం ‘జజ్ర్’. వారి ఇళ్ళలో మాట్లాడే తెలుగులో ఆ గణితం అప్పటికే శతాబ్దాలుగా ఉన్నది. 1904లో హనుమకొండలో వెలసిన తెలుగు గ్రంథాలయానికి రాజరాజనరేంద్రుని పేరు పెట్టుకున్నారు. బడిలో దొరకని భాషకు గ్రంథాలయం నీడ అయింది. 1948 తరువాత ఉస్మానియాలో ఇంగ్లీషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పాఠ్యపుస్తకాలు తెచ్చిన తరువాతే ఇంటర్ గణితం తెలుగులో నిలదొక్కుకున్నది. మూలమన్నా, జజ్ర్ అన్నా, ఇంగ్లీషులో రూట్ అన్నా అర్థం ‘వేరు’ అనే.

ఉర్దూలో గణితాన్ని నిలిపిన అనువాదకుల శ్రమను నేను తక్కువ చేయను. మల్లన చేసినదీ అటువంటి పనే. నా ఫిర్యాదు ఒక్కటే: ఏ భాషలో చదివించినా దాన్ని మళ్ళీ ఇంటి భాషలోకి తెచ్చుకునే దారి మూసివేయరాదు. 2^క బదులు య అని రాసుకోవడం సౌకర్యం కోసం. లెక్క తేలాక య నుంచి క వద్దకు తిరిగి రావాలి. ఈనాడు భూపాలపల్లి బొగ్గు గనుల కార్మికుని కూతురు ఈ లెక్కను ఇంగ్లీషులోనే చేస్తే చేయనివ్వండి. అదే లెక్కను తన తమ్ముడికి తెలుగులో చెప్పగలిగేటట్టు ఘాతం, మూలం, సంవర్గమానం అన్న మాటలు ఆమెకు అందుబాటులో ఉంచడం మన బాధ్యత.